సెల్ కల్చర్ శిక్షణ: డబ్బు కట్టేముందు ఏం అడగాలి? ప్రభుత్వ ల్యాబ్‌ల్లో నేర్చుకునే దారులేంటి?

విజయవాడలోనో, గుడివాడలోనో, మచిలీపట్నంలోనో మీరు బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మసీల్లో ఏదో ఒకటి చదువుతున్నారా? అయితే చివరి సంవత్సరానికి వచ్చేసరికి ఇలాంటి ప్రకటన ఒకటి మీ ఫోన్‌కు వచ్చే ఉంటుంది. ‘యానిమల్ సెల్ కల్చర్‌లో హ్యాండ్స్ ఆన్ ట్రైనింగ్. సర్టిఫికెట్ ఇస్తాం. సీట్లు పరిమితం.’ కొన్ని రెండు రోజుల కోర్సులు, కొన్ని నెల రోజులవి. చాలా ఇళ్లలో ఆ ఫీజు ఒకటికి రెండుసార్లు ఆలోచించి కట్టాల్సిందే. హైదరాబాద్ వెళ్లి రావటానికి, అక్కడ ఉండటానికి అయ్యే ఖర్చు అదనం.

ఈ శిక్షణ పనికొచ్చేదే. కొత్త మందుల పరిశోధనలో, టీకాల తయారీలో ఈ నైపుణ్యం లేకుండా పని జరగదు. కానీ ఇది చూస్తే వచ్చే విద్య కాదు. గట్టు మీద కూర్చుని ఎంతసేపు చూసినా ఈత రానట్టే, ఇంకొకరు పిపెట్ పట్టుకుంటే మీకు సెల్ కల్చర్ రాదు. అందుకే ఫీజు ఎంత అన్నదాని కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు మీ చేత పని చేయిస్తారు?

అసలు సెల్ కల్చర్ అంటే ఏంటి?

జంతువు లేదా మనిషి శరీరం నుంచి తీసిన కణాలను బయట, గాజు లేదా ప్లాస్టిక్ పాత్రలో బతికించి పెంచటమే సెల్ కల్చర్. శరీరంలో కణానికి దొరికేవన్నీ ఇక్కడ మనం సమకూర్చాలి. 37 డిగ్రీల సెల్సియస్ వేడి, చక్కెరలు, అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు ఉన్న ద్రవం కావాలి. ఆ ద్రవాన్ని మీడియం అంటారు. డీఎంఈఎం, ఆర్‌పీఎంఐ 1640 అనే పేర్లు ల్యాబ్‌లో రోజూ వినిపిస్తాయి. చాలా రకాల కణాలకు ఇందులో 10 శాతం వరకు పశువు పిండం రక్తం నుంచి తీసిన సీరం కలుపుతారు. ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంచుతారు. మీడియంలోని బైకార్బనేట్‌తో కలిసి ఆమ్ల, క్షార సమతుల్యం చెడకుండా చూసేది అదే.

డెల్టాలో పుట్టి పెరిగినవారికి మిగతాది సులువుగా అర్థమవుతుంది. నారుమడిలో నారు ఒత్తుగా పెరిగాక అక్కడే వదిలేస్తే పాడవుతుంది. సమయానికి తీసి వేరే మడిలో ఊడ్చాలి. ఫ్లాస్కులో కణాలూ అంతే. అడుగుభాగంలో 70, 80 శాతం నిండగానే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ఊడదీసి, కొన్నింటిని కొత్త ఫ్లాస్కులో వేయాలి. దీన్ని సబ్ కల్చర్ లేదా పాసేజింగ్ అంటారు. ట్రిప్సిన్ తక్కువసేపు ఉంచితే కణాలు ఊడవు. ఎక్కువసేపు ఉంచితే దెబ్బతింటాయి. ఎప్పుడు ఆపాలో మైక్రోస్కోప్‌లో చూస్తూ తెలుసుకోవాల్సిందే, పుస్తకంలో చదివితే తెలియదు.

ఈ విద్యకు వందేళ్లు దాటాయి. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని శరీరం బయట పెరిగేలా చేశారు. 1951లో హెన్రియెట్టా ల్యాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణితి నుంచి తీసిన కణాలు ఆగకుండా విభజన చెందుతూ పోయాయి. వాటినే హీలా కణాలు అంటారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ కణాలు తీసుకునేటప్పుడు ఆమె అనుమతి అడగలేదు. మనిషి నుంచి తీసిన నమూనాతో పరిశోధన చేయాలంటే ఇప్పుడు నైతిక కమిటీ ఆమోదం, రాతపూర్వక సమ్మతి కావాలని నిబంధనలున్నాయి. అవెందుకు అవసరమో చెప్పటానికి ఆమె కథనే ఉదాహరణగా చూపిస్తారు.

మందుల పరిశోధనకు ఇదెందుకు?

కొత్త రసాయనం ఒకటి తయారైందనుకోండి. అది క్యాన్సర్ కణాన్ని ఆపుతుందా? కాలేయానికి హాని చేస్తుందా? నేరుగా మనిషికి ఇచ్చి చూడలేం. ముందుగా కణాల మీద చూస్తారు. కాలేయానికి హెప్‌జీ2, రొమ్ము క్యాన్సర్‌కు ఎంసీఎఫ్-7, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఏ549 లాంటి కణాలు వాడతారు. వేల రసాయనాల్లోంచి పనికిరానివాటిని ఈ దశలోనే పక్కన పెట్టేస్తారు.

కణాలు పరీక్షకే కాదు, తయారీకీ కావాలి. భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారీకి వైరస్‌ను పెంచింది వీరో కణాల్లో. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అనే కోతి మూత్రపిండం నుంచి 1962లో జపాన్ శాస్త్రవేత్తలు తయారు చేసిన కణాలవి. మన పాడి రైతులు గేదెలకు వేయించే గాలికుంటు టీకా కోసం వైరస్‌ను పెంచేది బీహెచ్‌కే-21 అనే కణాల్లో. అవి చిట్టెలుకను పోలిన హామ్‌స్టర్ పిల్ల మూత్రపిండం నుంచి వచ్చాయి. డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో విడుదల చేసిన క్యాన్సర్ మందు రిటుక్సిమాబ్ కూడా కణాల్లో తయారయ్యేదే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన నాయకత్వంలోని బృందం నుంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. పిల్లల్లో వచ్చే లుకేమియాకు మందులుగా అవి ప్రసిద్ధం. సెల్ కల్చర్ ల్యాబ్‌లో వాటికి ఇంకో పని కూడా ఉంది. మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసేటప్పుడు, కలిసిపోయిన కణాలను మాత్రమే బతకనిచ్చే ‘హాట్’ మీడియంలో మధ్య అక్షరం అమినోప్టెరిన్‌దే. హామ్‌స్టర్ అండాశయ కణాలతో ప్రొటీన్ మందులు ఎక్కువ మోతాదులో తయారయ్యేలా చేయటానికి మెథోట్రెక్సేట్ వాడతారు. శిక్షణలో ఈ పేర్లు వినిపించినప్పుడు ఆయన మన పక్క జిల్లాలో పుట్టినవారని గుర్తుపెట్టుకోండి.

చట్టం కూడా ఇటే కదులుతోంది. మన దేశంలో కొత్త మందుల పరీక్షలను నియంత్రించే 2019 నాటి నిబంధనలను 2023లో సవరించారు. జంతువుల మీద చేసే పరీక్షలతో పాటు కణాల ఆధారిత పరీక్షలు, చిప్ మీద అవయవం లాంటి పద్ధతులకూ అందులో చోటిచ్చారు. అమెరికాలో ఇలాంటి చట్టం 2022 డిసెంబరులో వచ్చింది. జంతు పరీక్షలు పూర్తిగా పోయాయని దీనర్థం కాదు. అయితే కణాలతో నమ్మకంగా పని చేయగల చేతులకు గిరాకీ పెరుగుతుందని మాత్రం అర్థం.

మంచి శిక్షణలో ఏం చేయించాలి?

ఈ కింది పనులు మీరు స్వయంగా చేయాలి. ఎవరో చేస్తుంటే చూడటం లెక్కలోకి రాదు.

మొదటిది శుభ్రత. 70 శాతం ఆల్కహాల్‌తో చేతి తొడుగులు, సీసాలు తుడవటం దగ్గర నుంచి తెరిచిన సీసా మీదుగా చెయ్యి పోనివ్వకపోవటం వరకు అన్నీ ఇందులోకే వస్తాయి. వంద శాతం ఆల్కహాల్ ఎందుకు కాదంటే, క్రిములను చంపటానికి అందులో కొంత నీరు ఉండాలి. పైగా స్వచ్ఛమైన ఆల్కహాల్ త్వరగా ఆవిరైపోతుంది.

రెండోది గడ్డకట్టిన కణాలను లేపటం. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిన చిన్న సీసాను 37 డిగ్రీల నీళ్లలో వేగంగా కరిగించి, మీడియంలోకి మార్చాలి.

మూడోది కణాలను లెక్కపెట్టటం, సబ్ కల్చర్ చేయటం.

నాలుగోది మందు పరీక్ష. 96 గుంటల ప్లేటులో కణాలు వేసి, వేర్వేరు మోతాదుల్లో మందు కలిపి, ఎంటీటీ అనే పరీక్షతో ఎన్ని కణాలు చురుగ్గా ఉన్నాయో కొలవాలి. బతికి ఉన్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తాయి. ఆ రంగును 570 నానోమీటర్ల దగ్గర యంత్రంతో చదువుతారు. కణాల చురుకుదనాన్ని సగానికి తగ్గించే మోతాదును ఐసీ50 అంటారు.

అయిదోది కణాలను తిరిగి గడ్డకట్టించటం. 10 శాతం డీఎంఎస్ఓ కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరచాలి. గడ్డకట్టించేటప్పుడు నెమ్మది, కరిగించేటప్పుడు వేగం. ఈ రెండూ తారుమారైతే కణాలు చచ్చిపోతాయి.

ఆరోది కాలుష్యాన్ని గుర్తుపట్టటం. బ్యాక్టీరియా చేరితే మీడియం మసకబారుతుంది, ఎరుపు రంగు పసుపుకు తిరుగుతుంది. బూజు పడితే దారాల్లా కనిపిస్తుంది. మైకోప్లాస్మా చేరితే మాత్రం కంటికి ఏమీ తెలియదు. మీడియం తేటగానే ఉంటుంది, ఫలితాలు తప్పుతుంటాయి. దానికి పీసీఆర్ పరీక్షో, డీఎన్ఏకు అంటుకునే రంగుతో చేసే పరీక్షో అవసరం.

రెండు రోజుల్లో ఎందుకు కుదరదు?

కణాలు మన టైమ్‌టేబుల్ ప్రకారం పెరగవు. బాగా పెరిగే హీలా కణాలు కూడా రెట్టింపు కావటానికి సుమారు ఒక రోజు తీసుకుంటాయి. కరిగించిన కణాలు తేరుకుని ఫ్లాస్కు నిండటానికి కొన్ని రోజులు పడుతుంది. ప్లేటులో వేశాక అడుగుకు అతుక్కోవటానికి ఒక రాత్రి వదలాలి. మందు వేశాక 24, 48 లేదా 72 గంటలు ఆగాలి. తర్వాత ఎంటీటీకి మూడు, నాలుగు గంటలు కావాలి.

ఇవన్నీ కూడితే ఎంత? కణాలు లేపటం నుంచి ఐసీ50 గీత గీయటం వరకు ఒకే విద్యార్థి చేయాలంటే వారం రోజులైనా కావాలి. రెండు రోజుల కోర్సులో ‘థాయింగ్ నుంచి ఎంటీటీ వరకు అన్నీ’ అని రాసి ఉంటే, చాలా దశలు ముందే ఎవరో చేసి పెట్టి చూపిస్తారన్నమాట. అది మోసమే కానక్కర్లేదు. పరిచయ తరగతిగా పనికొస్తుంది. కానీ దాన్ని పరిచయ తరగతిగానే చూడండి, ఆ మేరకే డబ్బు పెట్టండి.

ఇంకో కారణం కూడా ఉంది. మీ చేతి పొరపాటు మీకు కనిపించాలంటే సమయం కావాలి. ఈరోజు మీరు సీసా మూత బల్ల మీద బోర్లా పెట్టారనుకోండి, దాని ఫలితం రేపో ఎల్లుండో ఫ్లాస్కులో కనిపిస్తుంది. మూడో రోజు పొద్దున మైక్రోస్కోప్‌లో మీ ఫ్లాస్కు పాడైందని చూసినప్పుడు నేర్చుకున్న పాఠం ఎప్పటికీ మర్చిపోరు. రెండో రోజు సాయంత్రమే సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కినవారికి ఆ పాఠం దొరకదు.

ఒక లెక్క చేసి చూద్దాం

శిక్షణ నుంచి వచ్చాక మీరు ఈ లెక్క తడుముకోకుండా చేయగలగాలి. కణాలున్న ద్రవానికి సమానంగా ట్రిపాన్ బ్లూ రంగు కలిపారు. చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికినవి మెరుస్తూ కనిపిస్తాయి. లెక్కింపు గాజు పలక మీద నాలుగు మూల గళ్లలో బతికిన కణాలు 48, 52, 45, 55 వచ్చాయి. మొత్తం 200, సగటు 50. రంగు కలపటంతో ద్రవం రెండింతలు పలచనైంది కాబట్టి 50ని 2తో, తర్వాత 10,000తో గుణించాలి. అంటే మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు.

ఆ నాలుగు గళ్లలోనే నీలం కణాలు 20 కనిపించాయి. అప్పుడు 220లో 200, అంటే దాదాపు 91 శాతం బతికున్నాయి. ఇప్పుడు 96 గుంటల్లో ఒక్కో గుంటకు 100 మైక్రోలీటర్లలో 5,000 కణాలు వేయాలి. మిల్లీలీటరుకు 50,000 కావాలి. 10 మిల్లీలీటర్లు తయారు చేయాలంటే 5 లక్షల కణాలు, అంటే మీ ద్రవంలోంచి అర మిల్లీలీటరు తీసుకుని, మిగతా తొమ్మిదిన్నర మీడియం కలిపితే సరిపోతుంది. ఈ లెక్క తప్పితే తర్వాత యంత్రం ఎంత ఖరీదైనదైనా ఫలితం తప్పే.

ప్రభుత్వ మార్గాలు ఏమున్నాయి?

మొదట చూడాల్సింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ. 1977లో మొదలైన ఈ సంస్థ కేంద్ర ప్రభుత్వ సీఎస్ఐఆర్ పరిధిలో పని చేస్తుంది. సీఎస్ఐఆర్ ల్యాబ్‌లు ‘ఇంటిగ్రేటెడ్ స్కిల్ ఇనిషియేటివ్’ పేరుతో బయటి విద్యార్థులకు స్వల్పకాలిక నైపుణ్య కోర్సులు నడుపుతున్నాయి. సీసీఎంబీ, తార్నాక దగ్గరున్న ఐఐసీటీ వెబ్‌సైట్లలో స్కిల్ డెవలప్‌మెంట్ విభాగం ఉంటుంది. ఏ కోర్సు, ఎన్ని సీట్లు, ఎంత ఫీజు, ఏ అర్హత అన్నది నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. కాబట్టి పాత వాట్సాప్ ఫార్వర్డ్‌ను నమ్మకుండా నేరుగా సంస్థ వెబ్‌సైట్‌లోనే చూడండి. ఇవి కూడా సాధారణంగా ఫీజు ఉన్న కోర్సులే. విజయవాడ నుంచి వెళ్లేవారు సికింద్రాబాద్‌లో దిగితే హబ్సిగూడ వైపు మెట్రోలో వెళ్లొచ్చు.

రెండోది, డబ్బు కట్టకుండా నేర్చుకునే మార్గం. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తున్నాయి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసీ ఆ మూడు. ఎంపికైన విద్యార్థులు, అధ్యాపకులు సుమారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ల్యాబ్‌లో పని చేస్తారు. భృతి కూడా ఉంటుంది. దరఖాస్తులు వేసవికి చాలా ముందే, అంతకుముందు ఏడాది చివరి నెలల్లోనే తీసుకుంటారు. మే నెలలో వెతికితే ఆలస్యమైపోతుంది. దరఖాస్తులో ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో మీ మాటల్లో రాయాలి. అక్కడ ‘సెల్ కల్చర్ నేర్చుకోవాలి’ అని ఊరుకోకుండా, ఏ ప్రశ్న కోసం నేర్చుకోవాలనుకుంటున్నారో రాయండి.

మూడోది, పీజీ పూర్తిచేసినవారి కోసం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తరఫున బీసీఐఎల్ అనే సంస్థ బయోటెక్ ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కార్యక్రమం నిర్వహిస్తూ వచ్చింది. ఎంపికైనవారిని భృతితో కంపెనీల్లో ఆరు నెలల శిక్షణకు పంపుతారు. కంపెనీలో నేర్చుకునేది కాలేజీ ల్యాబ్‌లో దొరకదు. ప్రతి పనీ రాసి సంతకం పెట్టే అలవాటు అందులో ముఖ్యమైంది.

నాలుగోది, మీకు దగ్గరగా ఉన్నవి. నాగార్జున నగర్‌లోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ విభాగాలున్నాయి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. మీ అధ్యాపకుల ద్వారా వెళ్లి, అక్కడ ప్రస్తుతం కణాలు పెంచుతూ పరిశోధన చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థి ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఒక నెలపాటు రోజూ వెళ్లి మీడియం మార్చటం, ఫ్లాస్కులు చూడటం లాంటి చిన్న పనులు చేసినా, ఖరీదైన వారం కోర్సు కంటే ఎక్కువ నేర్చుకోవచ్చు. కాలేజీ నుంచి బోనఫైడ్, సిఫార్సు ఉత్తరం ముందే తీసి పెట్టుకోండి.

ప్రభుత్వ నిధులతో కొన్న ఏ పరికరం ఎక్కడుందో వెతకటానికి ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్ ఉంది. 2020 జనవరిలో ప్రారంభమైంది. మీ కాలేజీలో ప్లేట్ రీడర్ లేకపోతే, దగ్గర్లో ఎవరి దగ్గరుందో అధ్యాపకులు అందులో చూడొచ్చు. నిజమైన, పరీక్షించిన కణాలు కావాలంటే పుణేలోని ఎన్‌సీసీఎస్ జాతీయ భాండాగారం నుంచి పరిశోధన సంస్థలు తెప్పించుకుంటాయి.

మన కాలేజీలోనే ఎందుకు నేర్పరు?

పరికరాలు ఒకసారి కొంటే సరిపోదు. నడిపించటమే భారం. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయిపోకూడదు. ద్రవ నైట్రోజన్ ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి నింపుతూ ఉండాలి. సీరం, మీడియం ఖరీదు ఎక్కువ, చలిలో ఉంచే తెప్పించాలి. ఆదివారం, పండగ అని లేకుండా ఎవరో ఒకరు కణాలు చూసుకోవాలి. కరెంటు పోతే ఇంక్యుబేటర్‌కు బ్యాకప్ ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో చాలా కాలనీలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉండటం మనం చూశాం. డెల్టాలో ఏ ల్యాబ్ పెట్టినా తుపాను, వరద రోజుల లెక్క కూడా వేసుకోవాల్సిందే.

మన ప్రాంతానికి ఇది ఎంత అవసరమో రొయ్యల చెరువుల దగ్గర కనిపిస్తుంది. తెల్లమచ్చ వైరస్ రైతులను ఎంత దెబ్బ తీసిందో చెప్పనక్కర్లేదు. చేపల నుంచి ఎన్నో రకాల కణాలను స్థిరంగా పెంచగలిగారు. లక్నోలో వాటికి జాతీయ భాండాగారం కూడా ఉంది. రొయ్య కణాలను మాత్రం నిరంతరంగా పెంచటం శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా కొరకరాని కొయ్యగానే ఉంది. ఆ కణాలు అందరికీ సులువుగా దొరికితే వైరస్‌నూ, దానికి మందునూ చెరువులో కాకుండా ఫ్లాస్కులోనే పరీక్షించొచ్చు.

డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు

వీటిని ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా, ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

1. ఒక బయోసేఫ్టీ క్యాబినెట్‌కు ఎంతమంది? ఒక క్యాబినెట్ ముందు ఒకసారికి ఒక్కరే కూర్చోగలరు. ఇరవై మందికి ఒకటే ఉంటే, రోజుకు ఆరు గంటలు నడిచినా మీ వంతు ఇరవై నిమిషాలు కూడా రాదు.

2. నాకు విడిగా ఒక ఫ్లాస్కు, ఒక ప్లేటు ఇస్తారా? నా పేరు రాసి, చివరి రోజు వరకు నేనే చూసుకుంటానా?

3. ఏ కణాలు వాడతారు? ఎక్కడి నుంచి తెచ్చారు? మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? ఒక కణం పేరుతో ఇంకోటి చలామణి కావటం ఈ రంగంలో పాత జబ్బు. చాలాచోట్ల వేరే కణాలనుకున్నవి హీలా కణాలని తేలింది. అందుకే మనిషి కణాలకు డీఎన్ఏ గుర్తింపు పరీక్ష చేయిస్తారు.

4. ఉన్నది క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్టా, మామూలు ల్యామినార్ ఫ్లోనా? అడ్డంగా గాలి వీచే ల్యామినార్ ఫ్లో కణాలను కాపాడుతుంది కానీ, గాలిని మీ ముఖం మీదికే పంపుతుంది. మనిషి కణాలతో పని చేయటానికి అది తగదు.

5. రోజువారీ షెడ్యూల్ ఇస్తారా? అందులో థియరీ గంటలెన్ని, చేతి పని గంటలెన్ని?

6. నేర్పేవారు రోజూ కణాలతో పని చేసేవారేనా?

7. కోర్సు రద్దయితే డబ్బు వెనక్కి ఎప్పుడిస్తారు? రసీదు ఎవరి పేరు మీద ఇస్తారు?

జవాబు ఇవ్వకుండా ‘ముందు సీటు బుక్ చేసుకోండి’ అని తొందర పెడితే ఆగండి. డబ్బు కట్టాక చెప్పినట్టు జరగకపోతే రసీదు, ప్రకటన, ఈమెయిళ్లు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

భద్రత సంగతేంటి?

హీలా కణాల్లో పాపిలోమా వైరస్ జన్యు భాగాలున్నాయి. మనిషి కణం ఏదైనా దానిలో ఏముందో తెలియదనే భావనతోనే పట్టుకోవాలి. నోటితో పిపెట్ పీల్చకూడదు. ద్రవ నైట్రోజన్‌లోంచి తీసిన సీసా ఒక్కోసారి పేలుతుంది కాబట్టి ముఖానికి షీల్డ్ ఉండాలి. డీఎంఎస్ఓ చర్మం గుండా లోపలికి పోతుంది, దానితోపాటు అందులో కరిగినదాన్నీ తీసుకెళ్తుంది. వాడిన ద్రవాన్ని బ్లీచింగ్ ద్రావణంతోనో, ఆటోక్లేవ్‌తోనో నిర్వీర్యం చేయకుండా సింక్‌లో పోయకూడదు. బయోమెడికల్ వ్యర్థాలకు 2016 నిబంధనలున్నాయి. ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే రంగుల సంచులు, షీల్డులు కనిపించకపోతే, ఆ ల్యాబ్ గురించి మీకు చాలావరకు తెలిసిపోయినట్టే.

డిష్‌లో కణం చచ్చిపోతే మందు దొరికినట్టేనా?

కాదు. ఫార్మసీ ప్రాజెక్టుల్లో వేపాకు, తులసి లాంటి మొక్కల సారాలను క్యాన్సర్ కణాల మీద వేసి చూడటం మామూలే. మంచి అభ్యాసమే. కానీ బట్టలకు వాడే బ్లీచ్ కూడా డిష్‌లో క్యాన్సర్ కణాలను చంపుతుంది. అదే మోతాదులో మామూలు కణాలు బతికాయా? సారాన్ని కరిగించటానికి వాడిన డీఎంఎస్ఓ ఒక్కటే వేస్తే ఏమైంది? సారానికి సొంతంగా ఉన్న రంగు యంత్రాన్ని తికమక పెట్టిందా? ఎంటీటీ కొలిచేది కణం చురుకుదనాన్ని, దాని చావును కాదు. ఈ ప్రశ్నలు వేయటం నేర్పిన శిక్షణే మంచి శిక్షణ. ఇవి తెలిసినవారు ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ అనే వార్తను కూడా జాగ్రత్తగా చదువుతారు.

ఉద్యోగం వస్తుందా?

ఒక్క సర్టిఫికెట్‌తో రాదు. మన రాష్ట్రంలోని చాలా ఫార్మా యూనిట్లు రసాయన మందులు, మాత్రలు తయారు చేసేవి. అక్కడ ఈ పని తక్కువ. టీకాలు, యాంటీబాడీ మందులు తయారు చేసే సంస్థల్లో, మందుల పరీక్షలు చేసే కాంట్రాక్ట్ ల్యాబ్‌లలో, పరిశోధన సంస్థల ప్రాజెక్టుల్లో దీని అవసరం ఉంటుంది. అవి ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలున్నాయి. పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునేవారికి ఇది దాదాపు తప్పనిసరి. మార్కెటింగ్ వైపో, మెడికల్ కోడింగ్ వైపో, ఆసుపత్రి ఫార్మసీ వైపో వెళ్లాలనుకుంటే ఈ ఫీజు ఇంకో నైపుణ్యం మీద పెట్టటం మేలు.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే మీ నోట్‌బుక్ ఎక్కువ మాట్లాడుతుంది. ఏ రోజు ఏ పాసేజ్, ఎన్ని కణాలు, ఎంత శాతం బతికాయి, ఏది పాడైంది, ఎందుకు పాడైంది అన్నవి తేదీలతో రాసి ఉంచండి. ‘ఒకసారి నా ఫ్లాస్కు పాడైంది, కారణం ఇది, తర్వాత ఇలా మార్చుకున్నాను’ అని చెప్పగలిగితే, ఎదుటివారికి మీ చెయ్యి తిరిగిందని అర్థమవుతుంది. అలాంటి ఒక పేజీ రాసుకునే అవకాశం ఈ కోర్సులో నాకు దొరుకుతుందా అన్నది డబ్బు కట్టేముందు మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన చివరి ప్రశ్న.